మామయ్య నొక్కనన్న బటన్

మా మామగారి మెడనొప్పికి ఒక దిండు కొనడంతో మొదలైంది ఇదంతా. ఉప్పల్‌లో మెయిన్ రోడ్డు మీద పరుపులు, సోఫాలు అమ్మే పెద్ద దుకాణం ఒకటుంది. నేనూ ఆయనా ఆటోలో వెళ్ళాం. ఆయన అక్కడున్న దిండ్లన్నిటి మీదా తల వాల్చి, కళ్ళు మూసి, చివరికి మొదట చూసినదే తీసుకున్నారు. కౌంటర్‌లో అమ్మాయి, "బిల్లు మెయిల్‌కి పంపుతం సార్, ఐడీ చెప్పండి" అంది. పెన్షన్ పనుల కోసం మా ఆయన పెట్టించిన మెయిల్ అది. అప్పటిదాకా దాన్ని ఎవరూ అడిగింది లేదు. మామగారు ఒక్కో అక్షరం విడదీసి, కాస్త గర్వంగానే చెప్పారు.

బిల్లు ఆ సాయంత్రమే వచ్చింది. మర్నాడు పొద్దున సోఫాల మెయిల్ వచ్చింది. ఆ మరుసటి రోజు డైనింగ్ టేబుళ్ళు. ఆ తర్వాత, "మమ్మల్ని మరిచిపోయారా?" అని ఒకటి.

"మొన్ననే గద దిండు కొన్న! ఎట్ల మరుస్త?" అన్నారు మామగారు, నిజంగానే నొచ్చుకుని.

ఆయన రైల్వే గూడ్స్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. వచ్చిన కాగితానికి జవాబు పోకపోతే ఆయనకు అన్నం సహించదు. నాచారంలో ఒక ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసే నాకు ఇలాంటి మెయిళ్ళు రోజూ వస్తాయి. తెరవకుండానే తుడిచేస్తాను. ఆయన దృష్టిలో అది, గుమ్మంలోకి వచ్చిన మనిషి మొహం మీద తలుపు వేయడం. అందుకని ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, మైకు గుర్తు నొక్కి, నెమ్మదిగా చెప్పారు.

"అయ్యా, మీ ఉత్తరం ముట్టింది. దిండు మంచిగున్నది. సోఫా మాకిప్పుడు అవసరం లేదు. ఇంట్ల జాగ గూడ లేదు. ఉంట."

రెప్పపాటులో తిరుగు మెయిల్ వచ్చింది. ఈ చిరునామాకు వచ్చే సందేశాలను ఎవరూ చూడరు, దయచేసి జవాబు పంపవద్దు అని.

"ఇదేంది బిడ్డా? జవాబు రాయొద్దనేటోడు ఉత్తరమెందుకు రాసిండు?"

"అది మనిషి రాసేది కాదు మామయ్యా. మిషన్ పంపుతది."

"మిషన్‌కు మనింట్ల సోఫా ఉంటేంది, లేకుంటేంది?"

మెయిల్ అడుగున మెయిళ్ళు ఆపేసే లింకు ఉంటుందని, అది నొక్కితే పీడ పోతుందని చూపించాను. చీమ తలకాయంత అక్షరాలు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని నొక్కారు.

తెర నిండా ఒక దిండు బొమ్మ వచ్చింది. దిండుకు కళ్ళూ నోరూ ఉన్నాయి. కళ్ళలో నీళ్ళున్నాయి. పైన "వెళ్ళిపోతున్నారా?" అని రాసి ఉంది. కింద రెండు బటన్లు. ఆకుపచ్చగా పెద్దగా ఉన్నదాని మీద, "లేదు, మీతోనే ఉంటాను." దానికింద బూడిద రంగులో, కనిపించీ కనిపించనట్టు, "అవును, నాకు మంచి నిద్ర అక్కర్లేదు."

"కిందిది నొక్కండి మామయ్యా."

ఆయన వేలు గాల్లోనే ఆగిపోయింది. "నాకు మంచి నిద్ర అక్కర్లేదని నేనెప్పుడన్న?"

"ఊరికే అట్ల రాస్తరు. నొక్కితే అయిపోతది."

"ఎట్లయిపోతది? అబద్ధం గద! నిద్ర కావాల్ననే గద దిండు కొన్న. ముప్పై ఏండ్లు నౌకరి జేసిన, తప్పు కాగితం మీద ఒక్క సంతకం పెట్టలే. ఇప్పుడు పెట్టాల్నా?"

నేను నొక్కుతానన్నాను. తన తరఫున అబద్ధం చెప్పడానికి తాను నాకు హక్కు ఇవ్వలేదన్నారు. ఫోన్ జేబులో పెట్టుకుని, "దుకాణానికే పోదాం పా" అని చెప్పులేసుకున్నారు.

దుకాణంలో మేనేజరు, మెడలో ఐడీ కార్డు వేసుకున్న యువకుడు, మర్యాదగానే కూర్చోబెట్టాడు. విషయం విన్నాడు. "గింతేనా సార్! మీ పేరు తీసేస్త. జర ఫోన్ నంబర్ చెప్పండి, ఓటీపీ వస్తది."

"మెయిల్ ఆపమంటే ఫోన్ నంబరెందుకు?" అన్నారు మామగారు.

"నంబర్ లేకుంట తీసుడు సిస్టం ఒప్పుకోదు సార్."

"నంబర్ లేకుంట అమ్ముడు ఒప్పుకున్నది గద?"

మేనేజరు నవ్వాడు గాని సిస్టం కరగలేదు. నంబరు ఇచ్చాం. ఓటీపీ చెప్పాం. అతను ఏదో నొక్కి, "అయిపోయింది సార్" అని చేయి కలిపాడు.

మెయిళ్ళు ఆగలేదు. వాటికి తోడు మెసేజీలు మొదలయ్యాయి, ఆ తర్వాత ఫోన్లు. ఒకరోజు ఆయన్ని బీపీ చూపించడానికి దవాఖానాకు తీసుకెళ్ళాను. నర్సు చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతుంటే ఫోన్ మోగింది. రెండో చేత్తో ఎత్తారు.

"సార్, ఈమధ్య మీ నిద్ర ఎలా ఉంటోంది?" అంది అవతల ఒక తీయని గొంతు.

"మీ పుణ్యాన పోయింది!" అని ఈయన అరిచిన అరుపుకు బెంచీల మీద వాళ్ళంతా తిరిగి చూశారు. నర్సు మీటరు వంక చూసి, "ఇది లెక్కలకు రాదు పెద్దాయనా. జర బయట కూసొని, ఫోన్ మీ కోడలికిచ్చి మల్ల రాండ్రి" అంది.

ఆ ఫోన్లు చూశాక నాకూ పట్టుదల వచ్చింది. మధ్యాహ్నం ఆఫీసులో అన్నం తింటూ వెతికాను. అమ్మకాల ఫోన్లు, మెసేజీలు ఆపించుకోవడానికి మన దేశంలో ఒక ఏర్పాటుందట. అది వెంటనే పెట్టించాను. మెయిళ్ళకు మాత్రం అలాంటిది దొరకలేదు. కానీ వినియోగదారుల రక్షణ కోసం ప్రభుత్వం చేసిన నియమాల్లో ఒక మాట కంటపడింది. ఏదైనా వద్దన్నందుకు కొనుగోలుదారుణ్ణి సిగ్గుపడేలా చేసే బటన్లు, మాటలు పెట్టకూడదని. సాయంత్రం ఇంటికి వచ్చి, దాన్ని మామగారికి తెలుగులో చదివి చెప్పాను.

"మల్ల సదువు" అన్నారు. మళ్ళీ చదివాను. "మస్తుగ రాసిన్రు. ఎవరో గా ఏడ్సే దిండును సూసినోడే రాసి ఉంటడు."

వినియోగదారుల ఫిర్యాదులకు ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది. ఇద్దరం కూర్చుని ఫిర్యాదు రాశాం. తెర మీది ఏడ్చే దిండు ఫొటో కూడా జతచేశాం. అంతా అయ్యాక అది మెయిల్, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా అడిగింది. మామగారు నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను.

"వీళ్ళు గూడ సోఫాలమ్ముతరా?"

"లేదు మామయ్యా, ఇది సర్కారుది" అని ఒప్పించేసరికి టీ చల్లారిపోయింది.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం పొద్దున మా ఇంటి ముందు కారు ఆగింది. దిగినాయనకు యాభై ఐదేళ్ళుంటాయి. ఆ దుకాణం యజమాని. ఫిర్యాదు వాళ్ళకు చేరింది. మామగారు ఆయన్ని మా పాత చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, మారుమాట లేకుండా ఫోన్ తెరిచి ఏడ్చే దిండును చూపించారు.

"జర పైకి సదువు సేటూ."

యజమాని ఫోన్ దూరంగా పెట్టుకుని చదివాడు. "అవును, నాకు మంచి నిద్ర..." అక్కడ ఆగి, గొంతు సవరించుకుని, "...అక్కర్లేదు" అన్నాడు. మొహం ఎర్రబడింది. "సార్, గిది నేను రాయలే. మెయిళ్ళు పంపేటోళ్ళు వేరే ఉన్నరు. వాళ్ళు ఇంగ్లీషుల తయారుజేస్తరు, ఎవరితోనో తెలుగు జేయిస్తరు. నేనింతవరకు సూడనే లే."

"నీ పేరు మీద వోతున్నయ్, నువ్వు సూడవా?"

"తప్పే సార్. నిజం జెప్పాల్నంటే, దుకాణం పెట్టినకాంచి నాకే సక్కగ నిద్ర లేదు."

నేను నవ్వు ఆపుకోవడానికి టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇద్దరి కుర్చీలూ దగ్గరకు జరిగాయి. యజమాని ఆ మెయిళ్ళ వాళ్ళకు ఫోన్ చేసి, మామగారి పేరు అప్పటికప్పుడే తీయిస్తున్నాడు. ఆ తర్వాత, "బటన్ మీద ఏం రాయాల్నో మీరే చెప్పండి సార్" అన్నాడు. మామగారు ఒక్కో మాట విడదీసి చెప్పారు. "'ఇక చాలు, పంపకండి' అని రాయి. రెండు బటన్లు ఒక్క తీరుగ ఉండాలె. దిండుకు కండ్లు వద్దు."

యజమాని టీ తాగి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళినవాడు అలవాటుగా వెనక్కి తిరిగి గది కొలతలు కళ్ళతోనే తీసి, "సార్, ఏమనుకోకుండ్రి, గా మూలకు ఒక చిన్న సోఫా సరిగ్గ వడ్తది" అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

నేను మామగారి బీపీ గురించి భయపడ్డాను. ఆయన మాత్రం పకపకా నవ్వారు. "వద్దు సేటూ."

"సరే సార్."

"సూసినవా బిడ్డా? ఎదురుంగ అడిగిండు, వద్దన్న, అయిపాయె. గింత సిన్న పనికి గన్ని ఉత్తరాలా!"

ఆ దుకాణం మెయిళ్ళు ఆగిపోయాయి. తర్వాత ఒకసారి మా ఆఫీసులో నా పక్క సీటు ఆవిడకు వాళ్ళ మెయిల్ వస్తే అడిగి మరీ చూశాను. బటన్లు రెండూ ఒకే సైజులో ఉన్నాయి. దిండుకు కళ్ళు లేవు, నోరు మాత్రం ఉంచారు. ఇంటికొచ్చి చెబితే మామగారు, నోటి సంగతి తాను ఆ రోజు చెప్పలేదని, పొరపాటు తనదేనని ఒప్పుకున్నారు. ఆయన ఐడీ వాళ్ళకెలా దొరికిందో గాని, ఇప్పుడు మేడిపల్లి అవతల ప్లాట్లు అమ్మేవాళ్ళ మెయిళ్ళు మొదలయ్యాయి. వాటి అడుగున లింకు కూడా లేదు. వాళ్ళ ఆఫీసు ఎక్కడుందో కనుక్కోమని ఆయన రోజూ నన్ను అడుగుతున్నారు.