నిమ్మకాయ తొడిగిన వేలు

మొన్న మా మనవరాలు గోరుచుట్టు లేచిందని వేలికి నిమ్మకాయ తొడుక్కుని, కిరీటం పెట్టుకున్నంత దర్జాగా సోఫాలో కూర్చుంది. నవ్వబోయి ఆగిపోయాను. అచ్చం అలాగే నిమ్మకాయ తొడుక్కుని తిరిగిన మా పిన్ని గుర్తొచ్చింది. ఆవిడ నూజివీడులో పురుళ్లు పోసేది. నా మొదటి కాన్పూ ఆవిడ చేతుల మీదే జరిగింది.

అరవైల్లో ఒక మామిడికాయల కాలం అది. బాబాయి డాక్టరు. ఇంటి ముందు భాగం ఆస్పత్రి, వెనక భాగం కాపురం. ముందునుంచి ఫినాయిల్ వాసన, పెరట్లోంచి ఆవకాయకి కొట్టిన కాయల పులుపు వాసన వచ్చి మా బాలింతల మంచాల దగ్గర కలుసుకునేవి. పిన్నికి శుభ్రం పిచ్చి. కడిగిన గచ్చునే మళ్లీ కడిగించేది. పసివాళ్లకి నీళ్లు పోయడం మాత్రం ఇంకెవరికీ వదిలేది కాదు. తనే పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డని కాళ్ల మీద వేసుకుని, నలుగు పెట్టి పోసేది. ఆ ఏడు ఆవకాయ ముక్కలకి జీడి తీస్తుంటే టెంక పెచ్చు గోటిసందులో గుచ్చుకుని గోరుచుట్టు లేచింది. రోజంతా నిమ్మకాయ తొడుక్కునేది, నీళ్లు పోసే వేళకి తీసి పక్కన పెట్టేది. నిమ్మకాయ ఉండగా ఇంకేం భయంలే అని ఆవిడ ధీమా.

అంతలో పసిపిల్లలకి చీముపొక్కులు మొదలయ్యాయి. మావాడికి మెడ మీద, పక్క మంచం బిడ్డకి తొడ మీద. ఆ బిడ్డ తల్లి చాట్రాయి వైపు తోటల్లో కాయలు కోసే కూలి మనిషి. సొన పడి ఆమె చేతులు పుండ్లయి ఉన్నాయి. పిన్ని చూపు వాటి మీద పడింది.

"ఆ చేతులతో అన్నీ ముట్టుకుంటున్నావు. అందరికీ నీ నుంచే వచ్చింది. వరండాలో పడుకో, వెళ్లు," అంది అందరి ముందూ.

"ఇవి సొన కాలిన పుండ్లండి అమ్మగారూ, రోగం కాదండి," అని మాత్రం అందామె. సాయంత్రానికి వరండాలో కూడా లేదు. జ్వరంతో ఉన్న బిడ్డని ఎత్తుకుని ఊరికి వెళ్లిపోయింది. నాకు హమ్మయ్య అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెన్సిలిన్‌కి పొక్కులు తగ్గడం లేదని బాబాయి అప్పటికే పిల్లలందరి చీమూ, ఆమె చేతి చీమూ తీసి, గాజు పళ్లాల్లో పేరబెట్టిన జావ మీద విడివిడిగా పూశాడు. వాటి మీద ఒక్కో మందులో తడిపిన బొట్టుబిళ్లంత కాగితాలు పరిచాడు. మర్నాటికి సూక్ష్మజీవులు పొరలా పెరిగాయి. వాటిని చంపే మందు చుట్టూ మాత్రం ఖాళీ వలయం మిగిలింది.

"ఒకే జాతిలోనూ తెగలుంటాయి. ఏ మందుకి లొంగుతుందో, దేనికి లొంగదో చూస్తే ఏ తెగో పోల్చుకోవచ్చు," అన్నాడు.

పిల్లల పళ్లాలన్నీ ఒకే తీరు, పెన్సిలిన్ చుట్టూ ఖాళీయే లేదు. కూలి మనిషి పళ్లెంలో పెన్సిలిన్ చుట్టూ చక్కటి వలయం. ఆమెది వేరే తెగ. బాబాయి పళ్లాలు పక్కన పెట్టి, "ఆ నిమ్మకాయ తియ్యి," అన్నాడు పిన్నితో.

మర్నాడు ఆవిడ వేలి చీముతో పెట్టిన పళ్లెం, పిల్లల పళ్లాలూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేకపోయాం.

"ఇదొక్కటే రుజువు కాదులే," అన్నాడు బాబాయి.

"నాకు చాలండీ," అంది పిన్ని. పళ్లెంలో బాగా పనిచేసిన మందు తీసుకుని, వేలికి కట్టు కట్టుకుని, బాబాయిని వెంటబెట్టుకుని అప్పటికప్పుడే చాట్రాయి బయల్దేరింది.

అక్కడ జరిగింది చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. "తప్పు నాదమ్మా, నా వేలిదీ అన్నానే. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. చూడండమ్మగారూ అని బిడ్డని నా చేతుల్లో పెట్టబోయింది. నేను చేతులు వెనక్కి పెట్టేసుకున్నాను."

ఆ బిడ్డ బతికింది. పిన్ని గోరుచుట్టూ మానింది. మావాడి మెడ మీద మచ్చ ఎప్పుడు పోయిందో కూడా తెలీదు, వాడికిప్పుడు తలే నెరిసింది. ఆ తర్వాత నాకు పుట్టిన పిల్లలకి పిన్ని గుమ్మం దగ్గర నిలబడి నీళ్లెలా పోయాలో చెప్పింది గానీ, చెయ్యి వెయ్యలేదు. ఆవిడ పోయి ఇన్నేళ్లయినా నాకు ఆ గుమ్మంలోనే, చేతులు వెనక్కి పెట్టుకునే కనిపిస్తుంది.