నేను తీసేసిన చుక్కల బండి పాట

ఆరేళ్లుగా ఒక పాట నా గుండెల మీద కూర్చుని ఉంది. నలుగురూ నన్ను గుర్తుపట్టేది ఆ పాటతోనే. ఎక్కడైనా అది వినబడితే జనం నవ్వుతూ నావైపు చూస్తారు. నేను తల దించుకుంటాను. వినయం అనుకుంటారు. మీకు నా పేరు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది కర్ణాటకలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న బాగేపల్లి. పెళ్లిళ్లకూ జాతరలకూ ఆర్కెస్ట్రాలో పాడతాను. రత్న అని ఒకామె శిడ్లఘట్టలో, పట్టుగూళ్లను వేడినీళ్లలో వేసి దారం తీసే షెడ్డులో పని చేస్తుంది. ఒక పెళ్లిలో మా కోరస్‌కు మనిషి తక్కువైతే వచ్చి పాడింది. అప్పటినుంచి నన్ను అక్కా అనేది. టీవీలో రాకెట్టు పైకి లేవడం చూసి ఆ పాట కట్టింది తనే. చుక్కల్లోకి పోయే బస్సు, దానికో కండక్టరమ్మ, చంద్రుడి దగ్గర ఒక స్టాపు, శుక్రుడి దగ్గర ఇంకొకటి.

‘చుక్కల్లోకి పోయే బండి, నిలపండయ్యా నిలపండి
మా అమ్మకి కిటికీ పక్కన సీటొకటి ఉంచండి’

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో, నా ఫోన్‌లోనే దాన్ని రికార్డు చేశాం. రత్న దగ్గర అప్పటికి బటన్ల ఫోనే. వాళ్లమ్మ నాగమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, ఏళ్లపాటు అదే షెడ్డు వేడినీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లతో తాళం వేస్తూ, రెండో చరణం నుంచి తనూ అందుకుంది. శ్రుతి లేదు. ఊపిరి అందలేదు. పాట అయిపోయాక, ఫోను ఇంకా నడుస్తోందని తెలియక, "చుక్కల్లో చలిగా ఉంటాదేమోనే, కంబళి ఎత్తుకొని పోదామా?" అని అడిగి తనే నవ్వింది. ఆ నవ్వుతో సహా నా యూట్యూబ్ ఛానల్లో పెట్టాను. నూరుమంది కూడా వినలేదేమో.

ఇది నేను స్టేజీ మీద పాడనా అని అడిగితే రత్న సంతోషంగా ఒప్పుకుంది. కాబట్టి పాడడం తప్పు కాదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! చింతామణిలో ఒక పెళ్లిలో కీబోర్డూ డ్రమ్ములూ పెట్టి హుషారుగా పాడాను. పాటలో అమ్మను లేపి, కిటికీ పక్కన చెలిని కూర్చోబెట్టాను. మూడుసార్లు పాడించారు. స్టూడియోలో చేసి పెడితే ఆటోల్లో, బస్సుల్లో, ఫోన్లలో అదే పాట. గూళూరు బస్సు డ్రైవరు దాన్ని వేసి, అద్దంలోంచి నావైపు చూసి తలాడించాడు. ఆ రోజు ఎంత పొంగిపోయానో చెప్పలేను.

అప్పుడు ఎవరో నా పాట కింద ఒక మాట రాశారు. రత్న పాట లింకు పెట్టి, "అసలు పాట ఇది. దీంట్లో ప్రాణం ఉండాది" అని. అవునవునని కొందరు వంత పాడారు.

చిక్కబళ్లాపురం పోయే బస్సులో అది చదివాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రత్న పాటను చివరిదాకా విన్నాను. వాళ్లు రాసింది నిజం. నన్ను కాల్చింది అదే. అబద్ధమైతే నవ్వి ఊరుకునేదాన్నేమో. శాశ్వతంగా తీసేయాలా అని ఫోను అడిగింది. బస్సు పేరేసంద్ర దాటుతోంది. నొక్కాను. తర్వాత ఫోన్‌లో దాచుకున్నదాన్ని కూడా వెతికి తీసేశాను. మొదటిది కోపంలో చేశాననుకుందాం. రెండోది? వెతుక్కుంటూ వెళ్లి మరీ తీశానే, దాన్ని ఏమనాలి?

ఆ సాయంత్రం సభలో వ్యాఖ్యాత ఈ పాట ఎవరిదని కన్నడలో అడిగాడు. ‘జానపద’ అన్నాను. చప్పట్లు కొట్టారు.

రత్నకు మాత్రం యూట్యూబ్ కంపెనీవాళ్లే తీసేశారని చెప్పాను. నమ్మింది. షెడ్డులో తను పాడుకుంటుంటే పక్కవాళ్లు ‘అమ్మ కాదు, చెలి. పాట సరిగ్గా నేర్చుకో’ అని దిద్దారట. ఆ సంగతి నవ్వుతూనే చెప్పింది. ఆ తర్వాత తను పాడగా నేను వినలేదు.

రెండేళ్లకు నాగమ్మ పోయింది. జ్వరమే కదా అనుకున్నారు, ఊపిరితిత్తులకు చేరింది. కర్మ అయిన వారానికి రత్న బాగేపల్లికి వచ్చింది. చేతిలో కొత్త ఫోను.

"ఆ పాట యాడన్నా ఉండాదేమో చూడక్కా. ఫోటోలైతే ఉండాయి. అమ్మ గొంతే ఇంక దేంట్లోనూ లేదు."

ఫోను తీసి వెతికినట్టు చేశాను. లేదని తెలిసిన చోటే, వేలితో పైకీ కిందికీ జరుపుతూ.

"లేదు రత్నా. పోయింది."

"కంపెనీవాళ్లకి రాస్తే ఇస్తారేమో? నా కూతురు ఇంగ్లీషులో రాస్తాది."

"ఇయ్యరు. పోయిందంటే పోయినట్టే."

కొత్త ఫోను సంచిలో పెట్టేసుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"పోనీలేక్కా. నువ్వు పాడింటివి కాబట్టి పాటన్నా మిగిలింది. లేకుంటే అదీ పోయుండేది."

నేను ఇచ్చిన కాఫీ తాగి, మూడు గంటల బస్సుకు వెళ్లిపోయింది.

అప్పుడే ఎందుకు చెప్పలేదు? కోపానికి భయపడ్డానా? రత్న అరిచే మనిషి కాదు. ఎందుకు తీసేశావక్కా అని అడుగుతుంది, అంతే. దానికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. శ్రుతి లేని, ఊపిరి అందని మీ అమ్మ నాకంటే బాగా పాడిందని. అది నోటితో అనలేక, కూతురికి తల్లి గొంతు లేకుండా చేశాను.

పోయిన నెల నా పాట కింద రత్న పేరు పెట్టాను, మాటలూ బాణీ తనవేనని. ఫోన్ చేసి మురిసిపోయింది. సగం నిజం చెప్పి పూర్తి మెప్పు తీసుకున్నట్టయింది.

ఇన్నేళ్లూ నాలో నేను అనుకునేటప్పుడు కూడా ‘పోయింది’ అనే అనుకున్నాను. దానంతట అదే పోయినట్టు. అది పోలేదు. నేను తీసేశాను. ఈ రెండు మాటలు రాయడానికి పొద్దుటి నుంచీ కూర్చున్నాను. రాశాక ఊపిరి కొంచెం లోపలికి దిగుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. రత్నకు ఇంకా తెలియదు. మీకు తెలిసింది.