చైత్తియో కొండ మీద మల్లిక

తల్లి పోయేనాటికి మల్లికకు పదిహేడేళ్లు, తమ్ముడు సూరికి నాలుగు. బర్మాలోని ఇన్సేన్‌లో రైల్వే వర్క్‌షాపు వెనక సందులో వాణ్ణి చంకనేసుకుని పెంచింది. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, వాడు కాస్త పెద్దవాడు కానీ అనేది. వాడు పెద్దవాడై సిటీ బస్సులో కండక్టరయ్యాడు. ఆమెకు నలభై దాటింది. లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతూనే ఉంది.

పేటలో కుర్రాళ్ల పేర్లు చీటీలు తీసి సైన్యానికి పంపుతున్న రోజులు. సూరి పేరు వచ్చింది. స్నేహితులతో కలిసి సరిహద్దు దాటి థాయిలాండ్ పోతానన్నాడు. మల్లిక ఒప్పుకోలేదు. దారిలో పట్టుబడతావని, రెండేళ్లు కళ్లు మూసుకుంటే గడిచిపోతాయని నచ్చజెప్పింది. వాడు ఆమె మాట ఎప్పుడు కాదన్నాడు గనక? చెప్పిన రోజున తనే వెంటబెట్టుకెళ్లి అప్పగించి వచ్చింది. వానలు మొదలయ్యాక ఎక్కడో ఉత్తరాన్నుంచి ఒక్కసారి ఫోన్ చేశాడు. బూట్లు కరుస్తున్నాయప్పా అన్నాడు. అంతే. ఎనిమిది నెలలైంది.

అమ్మవారికి ముడుపు కట్టింది. కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి పక్కింటి హైమ, చైత్తియో కొండకు పేటవాళ్లు బస్సు మాట్లాడారు, రమ్మంటే బయలుదేరింది. ఆ కొండ అంచున ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోతుందన్నట్టు ఒక బంగారు బండ ఉంది. బుద్ధుడి వెంట్రుకే దాన్ని పడకుండా పట్టి ఉంచిందంటారు. దానికి బంగారు రేకు అంటించి మొక్కితే ఆ మొక్కు వట్టిపోదని బర్మావాళ్ల నమ్మకం. మల్లిక వీధిలో తెలుగువాళ్లదీ అదే నమ్మకం.

కొండ కింద బస్సు దిగి, బల్లలు వేసిన లారీలో ఒకరి మోకాళ్లు ఒకరికి గుచ్చుకుంటుంటే పైకి చేరారు. శిఖరం పొడవునా వానలకు నల్లబడిన పాత గుళ్లు, చిన్న చిన్న స్తూపాలు. మల్లిక ఒక్కదాన్నీ వదలకుండా దీపం పెట్టింది.

బండను ఆడవాళ్లు తాకకూడదు. ఆ సంగతి తెలిసే, బస్సులో తమతో వచ్చిన ఊ చో అనే రిటైరైన బడిపంతుల్ని ముందే బతిమాలుకుంది. ఆయన రేకుల పొట్లం రెండు చేతులా అందుకుని తమ్ముడి పేరడిగాడు. తర్వాత బర్మా భాషలో మెల్లగా ఇంకొకటి అడిగాడు. క్షేమంగా తిరిగి రావాలని మొక్కమంటావా, పుణ్యం అతనికి చేరాలని ధారపోయమంటావా అని. మొదటిది బతికున్నవాళ్లకు, రెండోది పోయినవాళ్లకు.

మల్లిక హైమ వైపు తిరిగింది.

"సేమంగా రావాలని సెప్పు వదినా," అంది హైమ.

"ఉన్నాడో లేడో నాకేటి తెలుసే? ఉన్నోడికి పోయినోళ్ల మొక్కు మొక్కితే ఏటవుతాది? పోయినోణ్ణి రా రా అని పిలిస్తే ఆడెక్కడని తిరుగుతాడు?"

వెనక జనం తోసుకొస్తున్నారు. ఊ చో ఇంకాసేపు చూసి, బండ ముందున్న గేటు దాటి వెళ్లాడు. ఇవతల నుంచి మల్లికకు అరడజను మగవాళ్ల వీపులు కనిపించాయి. అందులో ఆయనెవరో పోల్చుకోలేకపోయింది. తిరిగొచ్చాక ఏమని మొక్కాడో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు.

లారీ సగం కొండ దిగాక అంది, "ఎల్లిపోతానన్నాడే హైమా. నానే ఒద్దన్నాను."

హైమ ఆమె చెయ్యి పట్టుకుంది.

సోమవారం నుంచి మళ్లీ కాలర్లు. రోజూ అన్నాల వేళ తమ్ముడి నంబరుకు ఫోన్ చేసేది. స్విచ్ఛాఫ్ అని రికార్డు గొంతు చెప్పేది. మళ్లీ వానలు పడ్డాక ఒకరోజు అది మోగింది. మల్లిక చప్పున లేచి నిలబడింది. ఎత్తింది ఎవరో ఆడపిల్ల. ఈ నంబరు తనకు కొత్తగా ఇచ్చారనీ, సూరి ఎవరో తెలియదనీ మర్యాదగా చెప్పింది. తప్పయిపోయిందమ్మా అని మల్లిక ఫోన్ పెట్టేసింది. ఫ్యాక్టరీ గంట మోగింది. కారేజీలో అన్నం అలాగే మూసేసి మిషను దగ్గరకు వెళ్లింది.