అరిగిన చోట కొలిచారు

2022 వేసవి. పరవాడ వైపు ఒక పెద్ద ఫ్యాక్టరీ మూతపడబోతుంటే, మల్కాపురంలోని మా రేకుల షెడ్డులోంచి ఒంటిచేత్తో దాన్ని నిలబెట్టింది నేనే. ఈ మాట నేను చాలా చోట్ల చెప్పాను. టీ కొట్టు దగ్గర చెప్పాను, పెళ్ళి భోజనాల్లో చెప్పాను, పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరిచే ముందు కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ ఫ్యాక్టరీ కొంచెం పెరిగింది. ఇప్పుడు అచ్చులో పడుతోంది కాబట్టి తగ్గించి చెబుతాను. మూతపడబోయింది ఫ్యాక్టరీ కాదు, అందులో ఒక పంపు. దాని పక్కనే ఇంకో పంపు బాగానే తిరుగుతోంది. ఒంటిచేత్తో అన్నది నిజమే గానీ, ఆ చెయ్యి నాది కాదు.

మాది లేతు షాపు. లేతు మీద ఇనుము గిరగిరా తిరుగుతుంటే పక్కనున్న పదునైన టూలు దాన్ని సన్నగా చెక్కుతుంది, దోసకాయ చెక్కు తీసినట్టు. రెండు లేతులు, ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక వెల్డింగ్ సెట్టు, ఎండకి కాలి వానకి కారే రేకులు. నలభై ఏళ్ళుగా ఇదే నా రాజ్యం. వేట బోటు షాఫ్టు వంగినా, చెరుకు రసం బండి రోలరు అరిగినా, బేకరీలో పిండి కలిపే మిషను చక్రం పన్ను విరిగినా మా వీధికే వస్తారు. కంపెనీకి ఫోన్ చేస్తే మూడు వారాలంటారు. మేం సాయంత్రం రమ్మంటాం. ఆ సాయంత్రం అనే మాట మీద ఈ ఊళ్ళో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో, దేశ ఆర్థిక వ్యవస్థ గురించి మాట్లాడే పెద్దమనుషులు ఒక్కరూ మా వీధికొచ్చి అడిగిన పాపాన పోలేదు.

మా పెద్ద లేతు మీద పనిచేసేది నూకరత్నం. జాలరి ఇంటి ఆడపడుచు. మొదట్లో మా దగ్గర లేతు నడిపే టర్నరుగా ఉన్న భర్తకు క్యారేజీ తెచ్చేది. ఆయన తింటున్నంతసేపూ ఊరుకోలేక మిషను తుడిచేది. తర్వాత టూలు నూరడం నేర్చుకుంది. ఇంకొన్నాళ్ళకి ఆయన చెయ్యి కడుక్కునేలోగా ఒక పిన్ను చెక్కి పక్కన పెట్టేది. ఆయనకి షెడ్డు వేడి పడక ఆటో కొనుక్కుని వెళ్ళిపోయాడు. ఈవిడ ఉండిపోయింది. నన్ను మావా అని పిలుస్తుంది. ఆ పిలుపులో మర్యాద ఎంతుందో చివర్లో మీకే తెలుస్తుంది.

మా షెడ్డుకి ఒక ఆచారం ఉంది. కొత్త ముక్క బోటులో పడి, నిజంగా తిరిగేదాకా పాత ముక్క మా గడప దాటదు. తీగ కట్టి గోడకి వేలాడదీస్తాం, పక్కన సుద్దతో సొంతదారు పేరు రాస్తాం. సముద్రంలోకి వెళ్ళినవాడు సగం దారిలో ఇంజను ఆగి తిరిగొస్తే, వాడి కోపానికి ముందు మా నోళ్ళు పనిచేయవు. తప్పు ఎవరిదో గోడ మీది పాత ముక్కే చెప్పాలి.

ఆ వేసవిలో ఒక ఏసీ కారు మా మురుగుకాలవ పక్కన ఆగింది. ముప్పై ఏళ్ళ ఇంజనీరొకాయన దిగి, న్యూస్ పేపర్లో చుట్టిన పాత ముక్కొకటి బల్ల మీద పెట్టాడు. షాఫ్ట్ స్లీవ్. పంపు మధ్యలో తిరిగే ఇరుసును షాఫ్ట్ అంటారు. దానికి తొడిగే ఇనుప తొడుగు ఈ స్లీవ్. నీళ్ళు కారకుండా చుట్టూ బిగించిన ప్యాకింగ్ తాడు ఒరుసుకున్నప్పుడు ఖరీదైన షాఫ్ట్ అరగకుండా, దాని బదులు తాను అరగడమే స్లీవ్ ఉద్యోగం. 

"ఒరిజినల్ ఫారిన్ నుంచి రావాలండీ. మూడు నెలలంటున్నారు. ఆరు పీసులు చేసిపెట్టండి. బాగా నడిస్తే మిమ్మల్ని వెండర్ లిస్టులో పెడతారు," అన్నాడాయన.

వెండర్ లిస్టు అంటే ఫ్యాక్టరీ ఎవరి దగ్గర పని చేయించుకోవచ్చో వాళ్ళ పేర్లున్న జాబితా. అందులో ఎక్కితే ఏడాది పొడుగునా పని. నలభై ఏళ్ళుగా ఆ జాబితా తలుపు బయటే నిలబడినవాణ్ణి నేను. 

ఆయన ఒక డ్రాయింగు కూడా ఇచ్చాడు. స్టాంపుంది, కింద రెండు సంతకాలున్నాయి. బయటి కొలత అరవై తొమ్మిది మిల్లీమీటర్లని రాసుంది. రత్నం అరవై తొమ్మిదంటే అరవై తొమ్మిదే చెక్కింది, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఆ డ్రాయింగులోనే తప్పుందని మాకెలా తెలుస్తుంది? స్టాంపు వేసిన కాగితాన్ని రేకుల షెడ్డువాళ్ళం అనుమానించగలమా?

స్లీవులు వెళ్ళిన మూడో రోజు ఫోనొచ్చింది. పంపు కారుతోంది. ఎంత బిగించినా కారుతోంది. ఐదో రోజు కాగితమొచ్చింది. దాన్ని రిజెక్షన్ నోట్ అంటారు, సరుకు పనికిరాదని తిప్పికొట్టే చీటీ. ఇంగ్లీషులో ఉంది. మా కోడలు చదివి, తెలుగులో చెప్పడానికి మొహమాటపడింది. కారణం: నాసిరకం పనితనం.

డ్రాయింగు గురించి ఒక్క ముక్క లేదు. మమ్మల్ని పిలిచి అడిగింది లేదు. పెద్ద పంపు కారితే చిన్న షెడ్డుది తప్పు. ఇంతకన్నా తేలికైన లెక్క లోకంలో లేదు! అలాంటి చీటీ ఒక్క ఫ్యాక్టరీ నుంచి వస్తే చాలు, మిగతా ఫ్యాక్టరీల స్టోర్సుకి మనకన్నా ముందే కబురు చేరుతుంది. అప్పుడప్పుడూ పని పంపే రెండు కంపెనీలు ఆ నెల ఫోన్ ఎత్తడం మానేశాయి.

రత్నం ఆ కాగితాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పని ఇయ్యకపోతే మానీమను మావా. ఇంత మంది బోటోళ్ళున్నారు, బతుకుతాం. ఈ మాట మాత్రం తీయించు. ఇది షెడ్డు గురించి కాదు, నా సెయ్యి గురించి రాసినారు."

గోడ మీది పాత స్లీవు దింపింది. వెర్నియర్ తీసింది. వెర్నియర్ అంటే మిల్లీమీటరులో వందో వంతు లెక్కన తేడాలు పట్టే కొలత పరికరం. ముక్క మధ్యలో, తాడు ఒరుసుకున్న చోట, అరవై తొమ్మిది. తాడు తగలని రెండు చివర్లా డెబ్బై. 

ఏం జరిగిందో మీకూ అర్థమయ్యే ఉంటుంది. ఆ ఇంజనీరు అరిగిన చోట కొలిచి, దాన్నే డ్రాయింగుగా గీశాడు. అరిగిపోయిన చెప్పు ఇచ్చి, ఇదే మందాన కొత్తది కుట్టమన్నట్టు! ఒక మిల్లీమీటరు సందు మిగిలితే తాడు ఎక్కడ బిగుసుకుంటుంది? పంపు కారక ఏం చేస్తుంది?

మర్నాడే ఫ్యాక్టరీకి వెళ్ళాను. పర్చేజ్ ఆఫీసరు, అంటే ఏం కొనాలో ఎవరి దగ్గర కొనాలో తేల్చే అధికారి, ఆయన గదిలోకి దూసుకెళ్ళి బల్ల గుద్దాను. గాజు బల్ల. నా గుద్దుకి పెన్ స్టాండు ఎగిరి కింద పడింది. "కొలవడం రానివాడు చెక్కేవాడి పనితనం గురించి రాస్తాడా?" అని గర్జించాను.

అలా గర్జించానని రత్నానికీ, వీధిలో మిగతా షెడ్లవాళ్ళకీ చెప్పాను. నిజమేమిటంటే, పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. ఆయన భోజనానికి వెళుతూ ఆగి, "ఏంటండీ?" అన్నాడు. నేను లేచి నిలబడి, "అయ్యా, ఆ డ్రాయింగు ఒక్కసారి..." అన్నాను. "మీలాంటి చిన్న షెడ్లలో క్వాలిటీ సిస్టమ్ ఉండదు. అదే ప్రాబ్లం," అని ఆయన వెళ్ళిపోయాడు. పెన్ స్టాండు నా ఊహ. ఆ గది తలుపు ఏ రంగో కూడా నాకు తెలియదు.

వారం తిరక్కుండా వాళ్ళ స్టోర్సు నుంచి ఫోను: మా పాత పీసు మాకు పంపించండి, అది కంపెనీ ఆస్తి. నేను పాత పేపర్లో చుట్టడం మొదలుపెట్టాను. రత్నం లాక్కుంది.

"కొత్తది తిరిగిందేటి? తిరగనేదు. మరి పాతది గడపెలా దాటుతాది?"

"కంపెనీ అడుగుతంది, రత్నం. ఏటని సెప్పమంటావు?"

"సామాన్లలో కలిసిపోయింది, ఎతుకుతన్నామని సెప్పు."

"అబద్ధమాడమంటావా?"

"రోజూ ఉత్తినే ఆడతావు కదా మావా, ఒక్కటి పనికొచ్చేది ఆడు."

ఆడాను. అబద్ధమాడటంలో నాకున్న నైపుణ్యానికి ఏ ఫ్యాక్టరీ రిజెక్షన్ నోట్ ఇవ్వలేదు.

రెండు నెలల తర్వాత బీచ్ రోడ్డులో ఒక హోటల్లో చిన్న పరిశ్రమల సభ పెట్టారు. కుర్చీలు నిండాలి కాబట్టి మా వీధికి కూడా పిలుపొచ్చింది. రత్నాన్ని తీసుకెళ్ళాను. క్యారేజీ సంచీ పట్టుకొచ్చింది. "అక్కడ భోజనం పెడతారే," అన్నా సంచీ వదల్లేదు.

వేదిక మీద వరసగా పెద్దలు. చిన్న పరిశ్రమలు ఈ దేశానికి వెన్నెముక అన్నాడొకాయన. వెన్నెముక అని ఎందుకంటారో నాకు నలభై ఏళ్ళకి అర్థమైంది. మూట మోపడానికి అదే కదా అనువైన చోటు! మాకు కరెంటు పోతే అడిగే దిక్కుండదు. ఫారం నింపడానికి వెళితే నాలుగు ఫారాలిస్తారు. పని అడిగితే మూడేళ్ళ అనుభవం చూపించమంటారు, అనుభవం కోసం పని అడిగితే లిస్టులో లేరంటారు. ఏడాదికొకసారి పిలిచి వెన్నెముక అని చెప్పి గులాబీ పువ్విస్తారు. తర్వాత లేచింది ఎవరనుకున్నారు? మన పర్చేజ్ ఆఫీసరే. "లోకల్ వెండర్లను మేం చేయి పట్టుకుని నడిపిస్తున్నాం," అన్నాడు.

ప్రశ్నలున్నాయా అని అడగ్గానే రత్నం లేచింది. నేరుగా వేదిక దగ్గరికి నడిచి, క్యారేజీ సంచీలోంచి స్లీవు, వెర్నియర్ తీసి ఆయన ముందు పెట్టింది.

"నాసిరకం పనితనమని రాసినారు సార్. ఈ ముక్క మీదే. కొలండి."

ఆయన నవ్వాడు. "అమ్మా, ఇది టెక్నికల్ విషయం. మీ ఓనరుతో మాట్లాడతాం."

"సెక్కింది ఓనరు కాదు, నాను. మాటా నా మీదే పడింది. సివర కొలండి, మజ్జిలో కొలండి. రెండు అంకెలు సదివీసి ఎళ్ళిపోండి."

ఆయన వెర్నియర్‌ని పక్కకి జరిపాడు. అప్పుడు రెండో వరసలోంచి ఆ ఇంజనీరు లేచి వచ్చాడు. చివర కొలిచాడు. మధ్యలో కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. తలెత్తకుండానే, "సార్, నేను మధ్యలో కొలిచాను," అన్నాడు. ఆ మాట మైకులో పడింది.

ఆ క్షణంలో నేను లేచి మైకు అందుకున్నాను. "అయ్యా, స్లీవు అరిగేది షాఫ్ట్ బతకడానికి. మేం అరిగేది మీరు బతకడానికి. అరిగినందుకు మమ్మల్నే నాసిరకం అంటారా?" అన్నాను. హాలంతా చప్పట్లు.

పది రోజుల్లో ఇంకో కాగితమొచ్చింది. రిజెక్షన్ నోటును వెనక్కి తీసుకుంటున్నామని ఒకే ఒక్క వాక్యం. క్షమించమని లేదు, తప్పు మాదని లేదు. రత్నానికి అది చాలింది. కోడలి చేత రెండుసార్లు చదివించుకుని, ఆ మాట ఎక్కడా లేదని రూఢి చేసుకుని పనిలోకి పోయింది. తర్వాత కొత్త డ్రాయింగు వచ్చింది, ఆరు స్లీవులు వెళ్ళాయి, డెబ్బై కొలతతో. పంపు ఇప్పటికీ తిరుగుతోంది. పాత స్లీవు కడిగి పంపేశాం.

ఈ గొడవ నాకు నేర్పింది ఇది. ఏ ముక్కనైనా అరిగిన చోట కొలవకూడదు. ఈ మాట మా పనిలో చేరినవాడికి మొదటి వారమే చెబుతాం. కానీ మమ్మల్ని మాత్రం ఎప్పుడూ అరిగిన చోటే కొలుస్తారు. కారే రేకులు చూస్తారు, నూనె మరకలు చూస్తారు, లుంగీ చూస్తారు, చిన్న షెడ్డు అని రాసుకుంటారు. అరగని చివర మా వీధిలో ప్రతి షెడ్డుకీ ఉంది. అది చూడాలంటే కారు దిగి లోపలికి రావాలి, ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి.

ఇంతవరకు రాసి, రత్నం టూలు మారుస్తుంటే పైకి చదివి వినిపించాను. ఆమె మిషను ఆపింది.

"మైకు అందుకున్నావా? ఎప్పుడు మావా? నాను స్టేజీ దిగొచ్చేసరికి నువ్వు పలేటు అట్టుకుని బిరియానీ లైన్లో ఉన్నావు."

"అది కొంచెం... కథ కోసం."

"సర్లే, అది ఉంచుకో, బాగుంది. 'మాకెలా తెలుస్తుంది' అని రాసినావు సూడు, అది కొట్టీ. ముక్క వొచ్చిన రోజే కొలిసి నీకు సెప్పాను, కాయితం తప్పు, ఇది డెబ్బై అని. నువ్వేటన్నావు? స్టాంపుంది, మనకెందుకు, ఆళ్ళు రాసినట్టే సెక్కు, లిస్టులో ఎక్కాలి అన్నావు. ఆ రోజే గోడ మీద సుద్దతో డెబ్బై అని రాసి పెట్టినాను. ఇంకా సెరగలేదు, నీ కుర్సీ ఎనకాలే ఉంది. దానికి ఈపు ఎట్టి కూకుని ఇదంతా రాసినావు."