మూడో పెట్టె తాళం

వీధి చివరి మేడ మీద అద్దెకుండే పంపుహౌసు ఆపరేటరుకి ఒక జబ్బుంది. ఏ పనైనా రెండోసారి చేత్తో చేయాల్సి వస్తే ప్రాణం విలవిల్లాడుతుంది. వాళ్లింట్లో నీళ్ల మోటారు దానంతటదే ఆగుతుంది, మెట్ల దీపం దానంతటదే వెలుగుతుంది. అందుకే అత్తగారు చాటున అతన్ని ‘దానంతటదే’ అంటుంది. ఎదురుగా మాత్రం అల్లుడుగారే.

భార్య బట్టల మీద పూలు కుడుతుంది. ఆ పూలన్నీ పెళ్లయిన నాటి నుంచీ పెన్సిలుతో తాను గీసుకున్నవే. కాగితాలు అలమర నిండి మంచం కిందికి చేరితే, పురుగు పడుతుందని అతను గోల పెట్టాడు. ఆఫీసులో పక్కన పడేసిన పాత కంప్యూటర్ పెట్టెలు మూడు తెచ్చి, సామాన్ల గదిలో వరసగా నిలబెట్టి, బొమ్మలన్నీ స్కాన్ చేసి వాటిలోకి ఎక్కించాడు. కాగితాలు చిత్తు కింద అమ్మేశాడు.

“బొమ్మలు దాచడానికి పరాయి సర్వర్లకు అద్దె కట్టడమెందుకు? మన సర్వర్లు మనకున్నాయి. ఒకటి పోయినా రెండుంటాయి. నకళ్లు తీసే ప్రోగ్రాము, అదే స్క్రిప్టు, రాశాను, ఎవరూ వేలు పెట్టక్కర్లేదు” అన్నాడు.

“మెతుకు పట్టి చూడందే ఉడికిందని ఎలా తెలుస్తుంది, అల్లుడుగారూ?” అంది అత్తగారు.

అతను నవ్వాడు. నవ్వడానికేం, స్క్రిప్టు ముచ్చటగానే ఉంది. మొదటి పెట్టెలో ఏముంటే మిగతా రెండూ గంటగంటకీ అచ్చం అదే ఉంచుకోవాలి. అందులో లేనిది తమలో ఉంటే తుడిచెయ్యాలి. ఇక దొంగ ఎత్తుకుపోయినా తెరుచుకోకుండా ప్రతి పెట్టెకూ పాస్‌వర్డు లాంటి తాళం వేశాడు. ఆగిన పెట్టె మళ్లీ లేవాలంటే పక్క పెట్టెల్ని తాళంచెవి అడగాలి. ఆ తాళంచెవుల్ని బొమ్మల పక్కనే దాచాడు.

ఇంతలో బట్టల దుకాణం ఆవిడ కబురు పెట్టింది. పోయిన ఏడు కుట్టిన తీగ అంచే కావాలి, ఊరు దాటి అమ్ముడైపోయిన పాతవాటితో జత కలవాలి. కుదరకపోతే ఇకపై పనంతా వేరేవాళ్లకే. ఆ ఇంటికి సగం తిండి ఆ దుకాణం పెట్టేదే.

సరిగ్గా అప్పుడే మొదటి పెట్టెలో డిస్కు చచ్చింది. అతను ఈల వేసుకుంటూ కొత్తది బిగించి, స్విచ్చి వేసి స్నానానికి వెళ్లాడు. కొత్త డిస్కు ఖాళీది. రెండో పెట్టె దాన్ని చూసి తానూ ఖాళీ అయింది. చెప్పిన మాట వినే పిల్లలు మరి! అతను తువ్వాలుతో వచ్చేసరికి మూడోది తుడవడం మొదలుపెట్టింది.

“ఆగు, ఆగవే!” అని అరిచి, కరెంటు తీగ పట్టి లాగేశాడు. లాగాక గాని తాళం సంగతి గుర్తు రాలేదు. తాళంచెవి ఇవ్వాల్సిన రెండు పెట్టెలూ బొమ్మలతో పాటు దాన్నీ తుడిచేసుకున్నాయి.

“పోయాయా?” అంది భార్య గుమ్మంలోంచి.

“లేదు. చాలావరకు ఇందులోనే ఉన్నాయి.”

“అయితే తియ్యండి.”

“రావు.”

“మీరు వేసిన తాళమేగా!”

“రాకూడదనే వేశాను.”

“దొంగకు కట్టిన గోడ దొరకు అడ్డమొచ్చింది” అంది అత్తగారు. కూతురి మొహం చూశాక, ఆవిడంతటి ఆవిడ కూడా వంటింట్లోకి తప్పుకుంది.

పెట్టెను చంకన పెట్టుకుని రిపేరు షాపుకు వెళ్లాడు. షాపతను గీకి, కెలికి, చివరకు మెచ్చుకున్నాడు.

“ఎంత గట్టిగా వేశావన్నా! బ్రహ్మదేవుడు దిగొచ్చినా తెరవలేడు.”

చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఇంటికొచ్చేసరికి భార్య కిటికీ దగ్గర తెల్లకాగితం పరుచుకుని కూర్చుంది. తీగ సగం దాకా వచ్చి ఆగిపోయింది.

“ఏవండీ, మొగ్గ తర్వాత ఆకు వచ్చేదా, తీగ మలుపు తిరిగేదా? మీరే కదా ఎక్కించారు, చూసే ఉంటారు.”

ప్రతి కాగితమూ అతని చేతుల మీదుగానే వెళ్లింది. వంకరగా పడిందేమోనని మూలలు చూసుకున్నాడే తప్ప, ఒక్క బొమ్మనూ చూడలేదు.

“ఆకే అనుకుంటా” అన్నాడు.

ఆమె ఆకు గీసింది. కాసేపు దాన్నే చూసి, చెరిపేసింది.