ఊడ దిగిన చేనులో ఇనుము

రెండు సాళ్ళ వేరుశనగను గడ్డి చెక్కే దోకుడుపారతో పాడు చేసినప్పటికి నాకు పెళ్ళయి ఏడాదైనా నిండలేదు. మొన్న బస్టాండులో ఉడకబెట్టిన కాయలు కొనుక్కుంటే, ఒక కాయ కొసన దారపు పోగులాంటి తోక మిగిలి ఉంది. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నంతసేపూ ఆ రోజే గుర్తుకొచ్చింది. మన ఈడువాళ్ళందరికీ ఇలాంటి తప్పు ఒకటైనా ఉండే ఉంటుంది కనుక చెప్పుకోవడానికి సిగ్గుపడను.

నేను పుట్టింది శింగనమల చెరువు కింద మాగాణి ఊళ్ళో. వరిమడిలో గడ్డి కనబడితే పీకడమే మాకు తెలిసిన సేద్యం. నాటింది మొదలు గింజ బరువుకు వెన్ను వంగేదాకా ఏదో ఒక వంకన మళ్ళలోకి దిగుతూనే ఉండేవాళ్ళం. పందొమ్మిది వందల యాభైల చివర్లో బెళుగుప్ప పక్కన ఒక మెట్ట ఊరికి కోడలినై పోయాను. అక్కడ చెరువూ లేదు, కాలువా లేదు. ఎర్రనేల, ఆకాశం, ఆ రెంటినీ నమ్ముకున్న వేరుశనగ.

మా అత్త చేనుకు తూర్పున ఎనిమిది సాళ్ళు విడిగా చూసుకునేది. మరుసటి ఏటి విత్తనం ఆ సాళ్ళదే. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ఆ కాయల జోలికి ఎవరూ పోకూడదు. విత్తనం కోసం ఇంకొకరి గడప తొక్కడం కంటే చేను బీడు పెట్టడమే మేలనుకునే మనిషి ఆమె.

ఆ ఏడు వాన అదునుకు పడింది. పైరు పూతకొచ్చాక, తెల్లారేసరికి మొదళ్ళ దగ్గర పసుపు పూలు విచ్చుకుని, పొద్దెక్కేసరికి వాడిపోయేవి. బెండ చూశాను, వంగ చూశాను, పూసిన చోటే కాయ కాస్తుందని నా నమ్మకం. ఎన్నాళ్ళు చూసినా కొమ్మల్లో పిందె కనబడలేదు సరికదా, ఊదారంగు పుల్లల్లాంటివి కిందికి వేలాడుతుంటే పైరుకు తెగులు పట్టిందనుకున్నాను. దానికి తోడు సాళ్ళలో గరిక. అత్త ఉరవకొండ సంతకు పోయిన రోజు, మెచ్చుకుంటుందన్న ఆశతో దోకుడుపార పట్టుకుపోయి ఆ విత్తనం సాళ్ళలోనే రెండింటిని అద్దంలా చేశాను. మొదళ్ళు గుల్ల చేసి, మన్నులోకి దిగిన పుల్లల్ని వేళ్ళతో పైకి లాగి వదిలాను.

మొదట చూసింది పక్కచేనామె. సాయిబుల ఇంటి కోడలు, అత్త ఈడుదే, అక్కా అని పిలిచేది. సంత నుంచి వస్తున్న అత్తకు గట్టు మీద నుంచే కేకేసింది.

"ఓ అక్కా, బిరబిరా రా! మీ కోడలు శెనక్కాయకు తల దువ్వి జడేసినాది!"

అత్త నెత్తిమీద గంపతోనే సాళ్ళ దగ్గరికి వచ్చింది.

"ఏమ్మే, ఏం చేసినావు?"

"గడ్డి ఉంటే తీసినా అత్తా. ఆ పుల్లలు గూడా లాగేసినా."

"పుల్లలా? ఊడలు గదమ్మే అవి! ఊడ దిగినాక చేన్లోకి ఇనుము రాగూడదని మీ నాయన చెప్పలేదా?"

"వాళ్ళ నాయనకు శెనక్కాయ సంగతి యాడ తెలుసక్కా, బురదలో పంట వాళ్ళది," అంది పక్కచేనామె. "కాయ కొమ్మకు కాయలేదని పాపకు కోపమొచ్చినాది!"

నాకు ఏడుపొచ్చింది. అత్త గంప దించి, నా పక్కన కూలబడి ఒక ఊడను చూపించింది. పువ్వు వాడాక దాని అడుగు నుంచే అది పుడుతుందనీ, సూదిలాంటి ఆ కొనలోనే రాబోయే గింజ ఉంటుందనీ, నేలను వెతుక్కుంటూ వంగి, మన్ను చీకట్లో అడ్డం తిరిగితేనే కాయగా ఊరి బుడ్డ కడుతుందనీ చెప్పింది. వెలుగులో వదిలేస్తే పుల్లగానే ఎండిపోతుందట.

"ఎండ తగిలేకొద్దీ పోతాది. కూచో, మళ్ళా దించుదాం," అంది.

ముగ్గురం పొద్దు వాలేదాకా, తెగకుండా మిగిలిన ఊడలను ఒక్కొక్కటిగా వేలితో గుంత చేసి దించి, మన్ను ఎగదోసి, ముంతతో నీళ్ళు చిలకరించాం. "శెనక్కాయకు మంత్రసానినవుతానని అనుకోలేదక్కా," అని పక్కచేనామె అనేసరికి అత్త కూడా నవ్వింది.

కాయలు పెరికే కాలానికి నేను పుట్టింట్లో ఉన్నాను. తిరిగొచ్చేసరికి విత్తనం కాయంతా గుమ్మిలో పోసి, మూతికి పేడ మెత్తేశారు. మరుసటి ఏడు మా విత్తనమే మేం వేసుకున్నాం, ఎవరి గడపా తొక్కలేదు. ఆ తర్వాత ఏటా పూత రాగానే గట్టున నిలబడి, ఇంక ఇనుము ఆపమని కూలివాళ్ళకు చెప్పే పని అత్త నాకే వదిలేసింది.

ఇప్పుడు విత్తనం సంచుల్లో వస్తోంది. ఒలిచి ఒలిచి వేళ్ళు పుండ్లయ్యే బాధ తప్పింది, దాన్ని కాదనను. కానీ తమ చేనులో పుట్టిన గింజనే తిరిగి తమ చేనులో వేసి, అది మళ్ళీ పూసే పొద్దు కోసం కాచుకునే ఇళ్ళు మా వైపు ఎన్ని మిగిలాయో తెలియదు.

ఆ రోజు మేం తిరిగి దించిన ఊడల్లో ఎన్ని బుడ్డ కట్టాయో కూడా నాకు తెలియదు. ఆ రెండు సాళ్ళనూ అత్త తనే పెరికి, మిగతా ఆరు సాళ్ళ కాయల్లో కలిపేసింది. అడిగినప్పుడల్లా, కలిసిపోయిన కాయను యాడ వెతికేదమ్మే అనేది; పక్కచేనామెను అడిగితే నవ్వి ఊరుకునేది. ఇద్దరూ ఇప్పుడు లేరు.