ఆరో భాగం దగ్గర ఆగిన కథ

సువర్ణ కుట్టిన జాకెట్టు మనిషికి అతికినట్టు సరిపోతుందని మామిడికుదురులో పేరు. ఆమె పేరు చెప్పిన సీరియలూ అంతే.

ఈ రెండో విద్య ఆమెకు కువైట్‌లో అబ్బింది. తొమ్మిదేళ్ళు ఒక ఇంట పనిచేసిన కాలంలో, అదే వంటింట ఉన్న ఫిలిప్పీన్స్ మనిషి మధ్యాహ్నాలు తన ఫోనులో కొరియా సీరియళ్ళు చూపించేది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఇద్దరూ ఒకే చోట కళ్ళు తుడుచుకునేవారు. భాష కన్న ముందు జాలి నేర్పవచ్చునన్న సంగతి మన బడులలో ఎవరికీ తట్టకపోవడం విచారకరమే గాని, అది వేరే కథ.

తిరిగివచ్చి టైలరింగు షాపు పెట్టిన సువర్ణ, కొలత తీస్తూనే వచ్చినవారిని అడిగేది: “ఏడవాలనుందా అండి, నవ్వాలనుందా?”

జవాబును బట్టి, అంతకుముందు వారికి నచ్చినదాన్ని బట్టి, దానికి తోబుట్టువు వంటి మరో కథ చెప్పేది. భర్త ఖతర్‌లో ఉన్న రత్నానికి, సముద్రం నడుమ లంకల్లో ఉత్తరాలు పంచే ముసలివాడి జపాను సినిమా చెప్పింది. ఇంటింటి రగడ మెచ్చే సత్యవాణికి చైనా అంతఃపురం కథ. “అక్కడా ఆడపడుచులేనండి. కాకపోతే నెత్తిన కిరీటాలుంటాయంతే.” రొయ్యల చెరువుల మీద కొంగలను టపాకాయలు పేల్చి తోలే చిట్టిబాబు, దెయ్యాలంటే భయపడే పోలీసు ఉన్న థాయి సినిమా పేరు పట్టుకెళ్ళి మర్నాడే తిరిగివచ్చాడు. “నా నవ్వుకి కొంగలన్నీ లేచిపోయేయండి, ఆయ్. ఇంక టపాకాయలు దండగ.”

సువర్ణ ఎన్నడూ ‘చూడండి’ అనదు. ‘చూస్తే బావుంటాదండి’ అంటుంది. విధ్యర్థకం కన్న చేదర్థకం మర్యాద గలదని, వ్యాకరణం చదవకుండానే ఆమె గ్రహించింది. తరవాత కొలతల చీటీలో, చేతి పొడవు కింద, సీరియలు పేరూ ఎన్ని భాగాలో రాసి ఇస్తుంది.

ఆ చీటీయే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

సువర్ణ అక్క కూతురు నిఖిత అల్లవరంలో ఉంటుంది. అమలాపురంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తుంది. ఆమెను మామిడికుదురులోనే ఉన్న మధుబాబుకు అడిగారు. కుర్రవాడు సరేనన్నాడు. అతని తల్లి సువార్తమ్మ మాత్రం కాదనలేదు, ఔననలేదు. ఈస్టరు వెళ్ళాక ప్రధానం, అంటే నిశ్చితార్థం, పెట్టుకోవాలని ఇరువైపులా అనుకుంటున్న రోజులవి. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన సువార్తమ్మకు సువర్ణ కావాలనే ఒక కొరియా కథ చెప్పింది. అందులో ఒకరికొకరు పడని అత్తాకోడళ్ళు పదహారో భాగానికి ఒకే పొయ్యి ముందు నిలబడి నూడిల్సు అమ్ముతారు. “మన ఇంటి కథలాగే ఉంటాది వదినగారూ. చూస్తే బావుంటాది.”

అంతా ఆలోచించిన సువర్ణ క్యాలెండరు చూసుకోలేదు. చీటీ పట్టుకెళ్ళిన సువార్తమ్మ మూడు రోజుల్లో ఆరు భాగాలు చూసింది. నాలుగో రోజు భస్మ బుధవారం. ఆనాటి నుంచి ఈస్టరు దాకా నలభై శ్రమదినాలలో టీవీ ముట్టనని ఆమె ఏటేటా ప్రభువుకు మాటిస్తుంది. ఆరో భాగం చివర, వాన పడుతున్న తెల్లవారుజామున, కోడలు అత్తగారి వంటల పుస్తకాన్ని దిండు కింద నుంచి తీసుకుని బస్సెక్కి వెళ్ళిపోతుంది. అలికిపోయిన అక్షరాలను తిరిగి రాయించడానికే తీసుకెళ్ళిందని ఏడో భాగంలో గాని తెలియదు. అందువల్ల ఆ నలభై రోజులూ సువార్తమ్మ మనసులో ఆ పిల్ల దొంగగానే ఉండిపోయింది.

“మీ నిఖిత మరీ నెమ్మదమ్మా,” అంది ఒకనాడు చర్చి మెట్ల మీద. “ఆ కొరియా పిల్లా మొదట్లో అలాగే ఉండేది.”

“వదినగారూ, ఏడో భాగంలో అండి...”

“వద్దు. కంటితో చూసినా, చెవితో విన్నా ఒకటే. మాటిచ్చేను.”

“సీరియల్లో పిల్లకీ మా పిల్లకీ సంబంధం ఏటండి?”

“మన ఇంటి కథలాగే ఉంటాదని నువ్వేగా అన్నావు.”

ఆ వారం సువర్ణ ఒక జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది.

ఈస్టరుకు వారం ముందటి మట్టల ఆదివారం మర్నాడు సువార్తమ్మ ఈస్టరుకు కట్టుకొనే తెల్లచీర మీది జాకెట్టు గుడ్డతో షాపుకు వచ్చింది. ఆమె కూర్చోగానే, కొలతకిచ్చే ఆది జాకెట్టు సంచిలో పెట్టుకొని నిఖితా వచ్చింది. సువర్ణ కుట్టుమిషను ఆపేసింది.

“నువ్వూ ఆ నూడిల్సు సీరియలు చూస్తున్నావంట కదమ్మా,” అంది సువార్తమ్మ. “కథ చెప్పకు. ఒక్క మాట చాలు. ఆ పిల్ల మంచిదా, కాదా?”

“నాకూ తెలీదండి ఆంటీ. ఆరో భాగం దగ్గరే ఆపేసేను.”

“నువ్వూ టీవీ మానేసేవా?”

“లేదండి, నేను మానేసింది మటను. మీరు అక్కడ ఆగిపోయేరని మీ అబ్బాయిగారు చెప్పేరు. నేను ముందు తెలుసుకుంటే, మీ ఎదురుగా దాచుకోలేనండి. ఈస్టరయ్యాక మీతోపాటే చూద్దామని ఉండిపోయేను.”

సువార్తమ్మ చేతిలోని గుడ్డ మడత విప్పి మళ్ళీ మడిచింది.

“పోనీ, నీకేవనిపిస్తంది? దొంగేనా?”

“దొంగయితే చెప్పులు సర్ది వెళ్తుందా అండి? వాకిట్లో తడుస్తున్న అత్తగారి చెప్పులు గడప లోపల పెట్టి మరీ వెళ్ళింది.”

“చెప్పులా? నేను చూళ్ళేదే.”

ఆ కథను రెండుసార్లు చూసిన సువర్ణా వాటిని చూడలేదు.

కొలతలయ్యాక సువార్తమ్మ లేచింది. “ఈస్టరు మర్నాడు మీ అమ్మానాన్నలతో మా ఇంటికి రామ్మా. ఏడో భాగం పెడదాం. సువర్ణా, నువ్వూ రా. పాస్టరుగారినీ పిలుస్తాను.”

“సీరియలుకి పాస్టరుగారెందుకండి?”

“సీరియలుకి ఎవరు పిలుస్తారు? ప్రధానం తేదీకి.”

వారిద్దరూ మాట్లాడుకుంటూ బస్సు వైపు నడిచారు. సువర్ణ గుమ్మం దాకా వెళ్ళి చూసి, వెనక్కి వచ్చి, కుట్టవలసిన గుడ్డలన్నీ పక్కకు నెట్టి ఫోనులో ఆరో భాగం చివర పెట్టుకుంది. వాన కురుస్తున్నది. చెప్పులు నిజంగానే గడప లోపల ఉన్నాయి, జతగా.